ఊరు పెరిగేకొద్దీ వీధులు ఎందుకు విడిపోతాయి

పెద్ద ఊరి మ్యాపు ఏదైనా తెరిచి నడిబొడ్డు నుంచి అంచు వైపు వేలు జరుపుకుంటూ పోండి. చాలాచోట్ల ఒకే వరస కనిపిస్తుంది. మధ్యలో వీధులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి, ఎక్కడి నుంచి ఎక్కడికైనా నాలుగైదు దారులుంటాయి. అంచుకొచ్చేసరికి పెద్ద రోడ్డు ఒకటి, దాన్ని పట్టుకుని వేలాడే లేఅవుట్లు, ఒక్కో లేఅవుట్‌కి ఒక్కటే ద్వారం, లోపల డెడ్ ఎండ్ సందులు. వెనక గోడ ఉమ్మడిగా ఉన్న రెండిళ్ళ మధ్య నడవాలంటే కిలోమీటరున్నర పడుతుంది.

ఇందులో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఊరు ఎంత నేల తింటోందన్నది ఒకటి. ఆ నేల మీద గీసిన వీధులు ఒకదానికొకటి ఎంత కలిశాయన్నది రెండోది. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

నేల సంగతి కొలవడానికి ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.3.1 అనే సూచిక ఉంది. నేల వాడకం పెరిగే రేటును జనాభా పెరిగే రేటుతో భాగించడమే. ఉదాహరణకి పదేళ్ళలో ఒక ఊరి కట్టుబడి ప్రాంతం 100 చదరపు కిలోమీటర్ల నుంచి 140కి, జనాభా 20 లక్షల నుంచి 24 లక్షలకి పెరిగిందనుకోండి. నేల రేటు 40 శాతాన్ని పదితో భాగిస్తే ఏడాదికి 4 శాతం. జనాభా రేటుకు 1.2 సహజ లాగరిథమ్ తీసి పదితో భాగించాలి, 1.82 శాతం వస్తుంది. నిష్పత్తి దాదాపు 2.2. అంటే మనిషి వాటా నేల 50 చదరపు మీటర్ల నుంచి 58కి పెరిగింది. ఒకటి దాటితే జనం కంటే నేల వేగంగా ఖర్చవుతున్నట్టు.

ఈ జబ్బుకి మందుంది. ఖాళీ ప్లాట్లు నిండుతాయి, ఒక అంతస్తు ఇళ్ళు నాలుగంతస్తులవుతాయి, ముప్పై ఏళ్ళలో అదే నేల మీద రెట్టింపు జనం ఉండొచ్చు. వీధి గీత అలా కాదు. 1666లో లండన్ తగలబడ్డాక వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ కొత్త నగర ప్లాను గీసిచ్చాడు. అది పక్కకి పోయింది, కొన్ని వీధుల్ని వెడల్పు చేసి చాలామటుకు పాత గీతల మీదే మళ్ళీ కట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోకి 1905లో డేనియల్ బర్న్‌హామ్ కొత్త ప్లాను తయారుచేశాడు. మరుసటి ఏడాది భూకంపం, మంటలు ఊళ్ళో పెద్ద భాగాన్ని నేలమట్టం చేశాయి, అంతకంటే మంచి అవకాశం ఎవరికీ రాదు. అయినా పాత వీధులే తిరిగొచ్చాయి. కారణం తెలిసిందే. ఇల్లు కాలినా ప్లాటు హద్దు కాలదు, సొంతదారు హక్కు కాలదు, భూమిలోని పైపులు కాలవు. ఇటలీలోని టురిన్ నడిబొడ్డున రోమన్లు గీసిన గళ్ళ వరస ఈనాటికీ కనిపిస్తుంది.

కాబట్టి లేఅవుట్ ప్లాను మీద సంతకం పడే రోజున జరిగేది ఇళ్ళకి అనుమతి ఒక్కటే కాదు. రెండు మూడు వందల ఏళ్ళ నడక దారుల్ని అక్కడే ఖరారు చేసేస్తున్నారు.

కలిసిందో లేదో ఎలా చెప్పాలి

వీధుల్ని గీతలుగా, కూడళ్ళని చుక్కలుగా చూడండి. ఒక చుక్క దగ్గర ఎన్ని గీతలు కలుస్తున్నాయో అది దాని డిగ్రీ. నాలుగు రోడ్ల కూడలికి 4, మూడు రోడ్ల జంక్షన్‌కి 3, డెడ్ ఎండ్‌కి 1. ప్రాంతం మొత్తానికి సగటు తీస్తే మొదటి అంచనా దొరుకుతుంది. ఎంత దూరమైనా సాగే గళ్ళ వరసలో సగటు 4, కొమ్మల్లా చీలిపోయే వీధుల్లో 2 దగ్గర ఆగిపోతుంది.

చిన్న లెక్క. ఆరు వరసల్లో ఆరేసి కూడళ్ళున్న గళ్ళ లేఅవుట్‌లో చుక్కలు 36, గీతలు 60. గీతల్ని చుక్కలతో భాగిస్తే 1.67. గీతల్లోంచి చుక్కల్ని తీసేసి ఒకటి కలిపితే 25. లోపల చుట్టి రాగల స్వతంత్ర వలయాల సంఖ్య అది. అవే 36 చుక్కల్ని కొమ్మల పద్ధతిలో కలిపితే గీతలు 35, నిష్పత్తి 0.97, వలయాలు సున్నా. ఆ 35లో ఏ ఒక్కదాన్ని తవ్వి మూసినా దాని అవతల ఉన్నవాళ్ళు చిక్కుకుపోతారు.

ఇప్పుడు ఆ కొమ్మల లేఅవుట్‌లో సరైన చోట్ల నాలుగు గీతలు కలపండి. నిష్పత్తి 0.97 నుంచి 1.08కి కదులుతుంది, కాగితం మీద ఏమీ కాదు. నడిచేవాడికి మాత్రం లోకమే మారిపోతుంది, వలయాలు సున్నా నుంచి నాలుగయ్యాయి. సగటు సంఖ్య గీత ఎక్కడ పడిందో చెప్పదు.

దీనికి తిరకాసు కూడా ఉంది, చాలామంది ఇక్కడే పడతారు. పైన చెప్పిన 36 కూడళ్ళ గళ్ళ లేఅవుట్ చుట్టూ గోడ కట్టి ఒక్క గేటు పెట్టండి. లోపలి నిష్పత్తి 1.67 దగ్గరే చెక్కుచెదరకుండా ఉంటుంది, పరీక్షలో ఫస్టున పాసవుతుంది. బయటి ప్రపంచంతో ఉన్న లంకె ఒక్కటే. అందుకే లోపలి సంఖ్యతో పాటు చుట్టుకొలత మీద కిలోమీటరుకి ఎన్ని దారులు బయటికి వెళ్తున్నాయో విడిగా లెక్కపెట్టాలి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 2009లో కొత్త వీధుల్ని ప్రభుత్వం స్వీకరించాలంటే నిష్పత్తి ఇంత ఉండాలని నిబంధన పెట్టింది. ఊరి దట్టమైన ప్రాంతాలకి 1.6. కొన్నేళ్ళకే ఆ సంఖ్యను వదిలేసి, వేర్వేరు దిక్కుల్లో ఒకటికి మించి దారులుండాలన్న షరతుకి వచ్చింది. రెండో పద్ధతే తెలివైందని నా అభిప్రాయం.

నడక వైపు నుంచి చూడాలంటే చుట్టుదారి నిష్పత్తి చూడాలి, అంటే దారి దూరాన్ని గాలి దూరంతో భాగించడం. గళ్ళ వీధుల్లో కూడలి నుంచి కూడలికి ఇది ఎంత చెడ్డా 1.41 దాటదు, అన్ని దిక్కులకీ సగటు 1.27. బస్సు స్టాపు చుట్టూ 400 మీటర్ల వృత్తం గీస్తే 50 హెక్టార్లు వస్తుంది. గళ్ళ వీధుల్లో అందులో నిజంగా 400 మీటర్లు నడిచి చేరగలిగేది 32 హెక్టార్లు, అంటే 64 శాతం. కొమ్మల లేఅవుట్‌లో అది మూడో వంతుకి పడిపోవడం మామూలే. ‘స్టాపుకి 400 మీటర్ల లోపు ఇంతమంది ఉన్నారు’ అని వృత్తాలు గీసి చూపే నివేదికల్ని అందుకే నమ్మకూడదు.

గడి ఎంత ఉండాలన్నదీ తేల్చుకోవాలి. కలిసినంత మాత్రాన సరిపోదు. ఒక రోడ్డు నడిమి గీత నుంచి పక్క రోడ్డు నడిమి గీతకి 100 మీటర్ల గడి పెడితే చదరపు కిలోమీటరుకి 100 కూడళ్ళు, 20 కిలోమీటర్ల వీధులు. రోడ్డు వెడల్పు 12 మీటర్లయితే నేలలో 22.6 శాతం రోడ్లకి పోతుంది. 200 మీటర్ల గడికి కూడళ్ళు 25, నేల 11.6 శాతం. 60 మీటర్లకి కూడళ్ళు 278, నేల 36 శాతం. లేఅవుట్ వేసేవాడు 200 వైపు ఎందుకు లాగుతాడో ఈ మూడు అంకెలే చెబుతాయి, అమ్ముకునే నేల తగ్గిపోతుంది మరి. దీనికి విరుగుడు, నడక దారుల్ని 100 మీటర్లకొకటి పెట్టి బండ్ల దారుల్ని 150, 200 దగ్గర ఉంచడం. 3 మీటర్ల నడక దారికి పోయే నేల 12 మీటర్ల రోడ్డుకి పోయేదాంట్లో నాలుగో వంతే. అమెరికాలోని పోర్ట్‌లాండ్ ప్రాంతీయ నిబంధన సరిగ్గా ఇదే పని చేస్తుంది. బండ్ల వీధులు 530 అడుగులకి మించని దూరంలో, నడకకీ సైకిళ్ళకీ దారులు 330 అడుగుల్లో.

సగటు దాచేది

కాలంతో పాటు మార్పు చూడాలంటే ఊరి మొత్తం సగటు పనికిరాదు. పాత ఊళ్ళో 10,000 కూడళ్ళున్నాయి, సగటు డిగ్రీ 3.2. పదేళ్ళలో అంచున 2,000 కొత్తవి వచ్చాయి, వాటి సగటు 2.5. మొత్తం కలిపితే 3.08. పత్రికలో ‘స్వల్ప తగ్గుదల’ అని వస్తుంది. జరిగింది మాత్రం, కొత్తగా కట్టేదంతా చెడుగా కడుతున్నారు. ఎప్పుడూ ఆ దశాబ్దంలో కొత్తగా చేరిన వీధుల్నే విడిగా కొలవాలి.

పరిశోధకులు క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ 2015లో అమెరికా మీద, 2020లో ప్రపంచం మొత్తం మీద ఈ పద్ధతిలోనే లెక్కలు తీశారు. అమెరికాలో కొత్త వీధుల అనుసంధానం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దిగజారుతూ వచ్చి, 1990ల మధ్యలో అట్టడుగుకి చేరి, ఆ తర్వాత కోలుకుంది. ప్రపంచంలో చాలా భాగం మాత్రం 1975 తర్వాత కొమ్మల వైపే నడిచింది. బొలీవియా, అర్జెంటీనా, పెరూల్లో గళ్ళ వీధులు నిలబడ్డాయి. స్పానిష్ రాజు రెండో ఫిలిప్ 1573లో ఇచ్చిన పట్టణ శాసనాలు అక్కడ గళ్ళ పద్ధతిని ఎంత గట్టిగా నాటాయంటే, రాజులు పోయి రెండు వందల ఏళ్ళయినా అలవాటు పోలేదు.

మీరే కొలవాలంటే

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు డేటా, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో జెఫ్ బోయింగ్ 2017లో ప్రచురించిన ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ అనే టూలు, ఈ రెండూ చాలు. ఆదేశాలు నాలుగైదుకి మించవు. తప్పు పోయేది వాటి మధ్యలో.

డేటా తెచ్చుకునేటప్పుడు మీ హద్దుకి ఒక కిలోమీటరు బయటిదాకా తెచ్చుకోండి. హద్దు దగ్గరే కత్తిరిస్తే తెగిన ప్రతి వీధీ డెడ్ ఎండ్‌గా లెక్కలోకి వస్తుంది. డిగ్రీలన్నీ లెక్కేశాక ఆ అదనపు పట్టీని తీసేయాలి. పొడవులు తీసే ముందు అక్షాంశ రేఖాంశాల్ని మీటర్లలోకి మార్చండి. మలుపు కోసం మాత్రమే పెట్టిన చుక్కల్ని తొలగించారో లేదో చూసుకోండి, అవి ఉంటే సగటు డిగ్రీ 2 వైపు జారిపోతుంది. రెండు వైపులా బండ్లు పోయే వీధి డేటాలో రెండు గీతలుగా ఉంటుంది. దాన్ని ఒకటిగా చేయకుండా నిష్పత్తి తీస్తే 1.3 కాస్తా 2.6 అయి కూర్చుంటుంది. అంత బాగున్న సంఖ్య వచ్చిందంటేనే అనుమానించాలి.

డివైడర్ ఉన్న రెండు రోడ్లు కలిసేచోట ఒక్క కూడలి నాలుగు చుక్కలవుతుంది. దగ్గరి చుక్కల్ని కలిపేసే సదుపాయం ఉంది, దానికి ఇచ్చే దూరం మాత్రం వ్యాసార్ధం. 10 అంటే 20 మీటర్ల లోపు చుక్కలు కలుస్తాయి, 15 అంటే 30. పాత బస్తీల్లో 25 మీటర్లకో సందు ఉంటుంది, అక్కడ 15 ఇస్తే నిజమైన కూడళ్ళు మాయమవుతాయి. అంచున 15, మధ్యలో 8 ఇచ్చి విడివిడిగా నడపడం మేలు. నడక నెట్‌వర్క్ తీసుకుంటే ఇంకో చిక్కు. ఫుట్‌పాత్‌లని విడి గీతలుగా గీసిన ప్రాంతంలో ఒక కూడలి ఎనిమిది, పన్నెండు అవుతుంది. అలా గీయని పక్క ప్రాంతం దానితో పోలిస్తే వెలవెలబోతుంది. తేడా ఊళ్ళో లేదు, గీసినవాళ్ళ ఓపికలో ఉంది.

గోడలు ఉపగ్రహ చిత్రంలో సరిగా కనిపించవు. రెండు లేఅవుట్ల వీధులు ఎదురెదురుగా ఉంటే మ్యాపు గీసేవాళ్ళు కలిపేస్తారు, మధ్యలో ఆరడుగుల గోడ ఉంటుంది. తిరగబడ్డ తప్పూ ఉంటుంది, నిజంగా ఉన్న సందుని ఎవరూ గీయకపోవడం. యాభై చోట్లైనా వెళ్ళి చూసుకోకుండా అంచు ప్రాంతాల సంఖ్యల్ని బయటపెట్టకండి.

ఏ వీధి ఎప్పటిదో తెలియడానికి యూరోపియన్ కమిషన్ వాళ్ళ గ్లోబల్ హ్యూమన్ సెటిల్‌మెంట్ లేయర్‌లో 1975 నుంచి ఐదేళ్ళకోసారి కట్టుబడి పటాలు ఉచితంగా దొరుకుతాయి. ఆ పటంలో కూడలి ఉన్న చిన్న చదరం ఏ ఏట కట్టుబడిగా మారిందో ఆ ఏడు దానికి ఇవ్వాలి. పల్లె నుంచి పల్లెకి పోయే పాత రోడ్డు దీనివల్ల కొత్తదిగా నమోదవుతుంది. ప్లాట్లు వేసి పదిహేనేళ్ళు ఖాళీగా పెట్టిన లేఅవుట్ ఆలస్యంగా కనిపిస్తుంది. కాబట్టి ఐదేళ్ళ ముక్కల మీద తీర్పులివ్వకుండా పదిహేనేళ్ళ ముక్కలుగా చూడండి.

కొమ్మలు ఎలా మొలుస్తాయి

దీని వెనక కుట్ర ఏమీ లేదు. ఊరి చుట్టూ నేల చిన్నచిన్న కమతాలుగా ఉంటుంది. ఒక్కో కమతం ఒక్కోసారి అమ్ముడుపోతుంది. కొన్నవాడికి పెద్ద రోడ్డుకి ఒక దారి దొరికితే చాలు. పక్క కమతం ఇంకా పొలమే, అటువైపు రోడ్డు తీయడం అతని దృష్టిలో రెండు ప్లాట్లు వదులుకోవడం. ఐదేళ్ళ తర్వాత పక్కవాడూ అదే లెక్క వేసుకుంటాడు. ఇద్దరి లెక్కా వాళ్ళవరకు సరైందే. ఆలోపు కొనుక్కుని వచ్చినవాళ్ళు ‘మా వీధిలో బయటి బండ్లు రావు’ అన్న నిశ్శబ్దానికి అలవాటుపడి ఉంటారు, కలుపుదామంటే ముందు వాళ్ళే అడ్డుపడతారు.

ఇది ఒకప్పుడు ఆదర్శం కూడా. న్యూజెర్సీలోని రాడ్‌బర్న్ 1929లో కార్ల కోసం ఒక చివర మూసిన సందులతో, వెనకవైపు పార్కుల్లోంచి నడిచే దారులతో మొదలైంది. 1930లలో అమెరికా ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి రుణాలకి హామీ ఇస్తూ మూసిన సందుల్ని సిఫారసు చేసింది. తర్వాత వచ్చినవాళ్ళు సందుల్ని ఉంచుకున్నారు, పార్కులోంచి పోయే నడక దారుల్ని వదిలేశారు. ఖర్చు అక్కడే కదా ఉంది.

ఫలితం రోడ్డు మీదే కాదు, భూమిలోనూ కనిపిస్తుంది. 400 ఇళ్ళ లేఅవుట్‌లో ఇంటికి రోజుకి ఆరు ప్రయాణాలు వేసుకుంటే 2,400, అన్నీ ఒక్క గేటు మీదే. నాలుగు దారులుంటే ఒక్కోదాని మీద 600. మొదటిదానికి సిగ్నల్ కావాల్సి రావచ్చు, రెండోదానికి అక్కర్లేదు. ఇలాంటి గేట్లు పది కలిసేసరికి పెద్ద రోడ్డు వెడల్పు చేయాలంటారు. వెడల్పయ్యాక దాటడం కష్టం, దాటలేక బండి తీస్తారు. సందు చివర ఆగే నీటి పైపులో నీరు నిలవుంటుంది, క్లోరిన్ తగ్గుతుంది, మడ్డి చేరుతుంది, అప్పుడప్పుడూ వదిలి కడగాలి. రెండు వైపులా కలిసిన పైపుకి ఈ బాధ తక్కువ, ఒకచోట పగిలినా అవతలి నుంచి నీళ్ళొస్తాయి. అమెరికాలో చాలాచోట్ల అనుసరించే అంతర్జాతీయ ఫైర్ కోడ్ అనుబంధం 150 అడుగులకి మించిన మూసిన సందు చివర ఫైరింజన్ తిరగడానికి జాగా అడుగుతుంది, గుండ్రంగా పెడితే 96 అడుగుల వ్యాసం. అంటే 670 చదరపు మీటర్ల తారు. 12 మీటర్ల రోడ్డుని 30 మీటర్లు పొడిగించి పక్క వీధిలో కలిపితే 360తో అయిపోయేది.

ముందే గీయడం

ఊరు రాకముందే పెద్ద రోడ్ల గళ్ళు గీసి నేల తీసిపెట్టుకోవడం అన్నిటికంటే చౌక. కిలోమీటరుకొకటి చొప్పున 30 మీటర్ల రోడ్లకి పట్టే నేల 5.9 శాతమే. 1811లో న్యూయార్క్ జనాభా లక్షలోపు ఉన్నప్పుడు మన్‌హాటన్‌లో 155వ వీధి దాకా గీసేశారు. బార్సిలోనా విస్తరణకి ఇల్డెఫాన్స్ సెర్దా 1859లో ఇచ్చిన ప్లానులో బ్లాకులు 113 మీటర్లవి, వీధులు 20 మీటర్లవి. ఈ రోజుల్లో నగర విస్తరణ పరిశోధకుడు ష్లోమో ఏంజెల్ బృందం ఇథియోపియా, కొలంబియాల్లోని కొన్ని పట్టణాలతో కలిసి ఇదే పని చేసింది. తారు పోయనక్కర్లేదు, హద్దు రాళ్ళు పాతి ఆక్రమణ కాకుండా కాపాడితే చాలు. కాపాడటమే అసలు పని.

లేఅవుట్ స్థాయిలో, ప్రతి హద్దు వైపూ కనీసం ఒక వీధి చివరిదాకా పోయి ఆగాలి, పక్క నేల వచ్చినప్పుడు కలవడానికి. ఇది కాగితం మీద అన్నిచోట్లా ఉంటుంది, ఆచరణలో మూడు రకాలుగా పాడవుతుంది. హద్దుకి అడుగు ముందే రోడ్డు ఆపి ఆ పట్టీని ఎవరి పేరునో ఉంచుకుంటారు, తర్వాత దారికి అదే బేరం. లేదా చివర్లో ట్రాన్స్‌ఫార్మరో పార్కు కంచో పెడతారు. లేదా ఎత్తు కలవదు, అటు రోడ్డు మీటరున్నర కింద ఉంటుంది. మందు ఏంటంటే, రోడ్డుని హద్దు గీత దాకా దానపత్రంలో రాయించుకోవడం, చివరి బిందువు ఎత్తుని ప్లాను మీద అంకెతో వేయించడం, ‘ఈ వీధి ముందుకి పోతుంది’ అన్న బోర్డు మొదటి ప్లాటు అమ్మకముందే అక్కడ నాటించడం. బోర్డు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పదేళ్ళ తర్వాత వచ్చే గొడవల్లో సగం అది ఆపుతుంది.

చైనా ప్రభుత్వం 2016 ఫిబ్రవరి మార్గదర్శకాల్లో పెద్ద గోడల బ్లాకులు వద్దని, చిన్న బ్లాకులు కావాలని, రోడ్ల సాంద్రత చదరపు కిలోమీటరుకి 8 కిలోమీటర్లకి పెంచాలని చెప్పింది. పైన మన లెక్క ప్రకారం 200 మీటర్ల గడికే 10 కిలోమీటర్లు వస్తాయి, అంటే అక్కడి బ్లాకులు ఎంత పెద్దవో ఊహించుకోవచ్చు.

కలపడం అంటే ప్రతి సందులోకీ కార్లని తోలడం కాదు. నిశ్శబ్దం కావాలనేవాళ్ళ కోరిక న్యాయమైందే. నెదర్లాండ్స్‌లోని హౌటెన్‌లో కార్లు ఒక పేట నుంచి ఇంకో పేటకి పోవాలంటే ఊరి చుట్టూ ఉన్న రింగ్ రోడ్డెక్కాలి, సైకిలు మాత్రం నేరుగా పోతుంది. సందు చివర గోడ బదులు మధ్య ఖాళీ 1.5 మీటర్లు ఉండేలా స్తంభాలు పాతితే సామాన్ల సైకిలూ చక్రాల కుర్చీ పోతాయి, కారు పోదు. మోటారు సైకిళ్ళు మాత్రం దూరతాయి, వాటికి ఈ పద్ధతిలో మందు లేదు.

ఇప్పటికే మూసుకుపోయినవి

అన్నీ తెరవాలని కూర్చుంటే ఏదీ తెరుచుకోదు. డెడ్ ఎండ్‌లని జతలుగా తీసుకుని, గాలి దూరం 100 మీటర్ల లోపు, దారి దూరం 800 మీటర్ల పైన ఉన్న జతల జాబితా చేయండి. ఒక్కోదాన్ని కలిపితే స్కూలుకి, బస్సు స్టాపుకి 10 నిమిషాల లోపు వచ్చే ఇళ్ళు ఎన్ని పెరుగుతాయో లెక్కకట్టి ఆ వరసలో పేర్చండి. సాధారణంగా మొదటి పదో పదిహేనో కలిపితే రాబోయే లాభంలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. ఆ తర్వాతివన్నీ చిల్లర.

జాబితా పట్టుకుని వెళ్ళి మధ్యలో ఏముందో రాసుకోండి. ప్రభుత్వ నేల మీద గోడ అయితే అదే ముందు. మురుగు కాలువ అయితే పలకల వంతెన. సొంత ప్లాటు అయితే అది అమ్మకానికి వచ్చేదాకా ఆగి, 3 మీటర్ల పట్టీ ఉంచుకుని మిగతాది తిరిగి అమ్మేయడం తక్కువ గొడవ. దారి ఈ చివర నుంచి ఆ చివరకి సూటిగా కనబడాలి. మధ్యలో వంపు పెట్టి రెండు వైపులా తలకి మించిన గోడలు లేపితే ఏడాదిలో అక్కడికి ఎవరూ పోరు, మళ్ళీ మూయమని అర్జీ వస్తుంది. పక్కిళ్ళ గోడల్ని నడుమెత్తు దాకా ఘనంగా, పైన జాలీగా ఉంచేలా ఒప్పించి, ఖర్చు పనిలోనే కలపండి. ఎత్తు తేడా ఉంటే మీటరుకి 12 మీటర్ల ర్యాంపు కావాలి. జాగా లేకపోతే మెట్లు కట్టి, అంచున సైకిలు తోసుకుపోయే గాడి వేయించండి. గాడి గోడకి మరీ దగ్గరైతే పెడలు తగులుతుంది, ఒక జానెడన్నా వదలాలి.